చేటెడు తవుడు

బార్సిలోనా అట.
ఊరో పేటో నానెరగను.
పర్లాకిమిడిలో రేత్రి పదకొండు దాటింది,
అక్కడింకా దీపాలెట్టే ఏళంట.
మనవడు లోకనాథం సెల్లు తెచ్చి మొకం ముందరెట్టి
"సూడు మామ్మా, మన తవిటినాయుడు" అన్నాడు.

పచ్చగుడ్డ పరిసిన బల్ల.
సుట్టూ నల్లద్దాలోళ్లు, టోపీలోళ్లు.
ఈడి ముందర రంగు బిళ్లలు
బట్టీలో ఇటికల్లాగ పేర్సి ఉన్నాయి.
కింద ఇంగిలీసులో టి. నాయుడని రాసేరంట.
ఆ 'టి' ఏటో ఆల్లకేటి తెలుసు?

ముందర పుట్టిన ముగ్గుర్నీ మట్టిలో ఎట్టేసి
ఆల్లమ్మ ఈడిని నా గుమ్మంలో పడుకోబెట్టి
"నాకొద్దీడు, నువ్వే కొనుక్కో అప్పా" అంది,
దేవుడికి ఇనబడీలాగ గట్టిగా.
చేటెడు తవుడు కొలిసి
నానే కొన్నాను.
రసీదు రాసుకోలేదు.

కొమ్ముపనోళ్ల ఈది మాది.
ఆకురాయి గీస్తే ఎంట్రుక కాలిన వాసనొస్తాది.
మా ముసలోడు గేదికొమ్ములోంచి
కొంగల్ని తీసీవోడు, రొయ్యల్ని తీసీవోడు,
సాయంత్రమైతే టేసను సివర
గేంగుమేన్లతో పేకముక్కలు.
ఈడు ఆల్ల ఎనకాల కూకుని
బీడీలందిస్తూ
ముక్కల కన్నా ముందర మొకాలు సదవడం నేర్సేడు.

పదారేళ్లకి ఎలిపోనాడు,
గోవాలో ఓడ మీద పనంట.
ఆ ఏళే మా అరమీది తాబేలు మాయం.
కాలొకటి ఇరిగిపోయి ఎవులూ కొననిది.
నానడగలేదు, ఆడు సెప్పలేదు.

ఇప్పుడు సూస్తే
ఆడి ముక్కల మీద కూకుంది
మూడుకాల్ల తాబేలు,
ముసలోడు నిన్ననే నూనె రాసి తుడిసినట్టు
నల్లగా నిగనిగలాడతా.

"ఏటున్నాయిరా ఆడి సేతిలో?"
"సాతొ, దుయి" అన్నాడు, ఒడియా బడి లెక్కలోడు.
"ఏడూ రెండూ మామ్మా. కిచ్ఛి నాహి. సెత్త."
ఎదట ఎర్రగెడ్డపోడి దగ్గిర రాణుల జంట.
లోకమంతటికీ కనబడతన్నాయి,
ఒకడివి ఒకడికి తప్ప.

తవిటిగాడు బిళ్లలు ముందుకి తోసేడు.
అన్నీ.
తోసి, నాలిక దవడలోకి నొక్కేడు.

ఓలమ్మో.
ఉట్టిలో బెల్లం తినేసి
"నాను కాదు కొన్నమ్మా" అనీవోడు సూడు,
అదే నాలిక. అదే దవడ.
"నాలిక తియ్యరా గుంటడా!" అని అరిసేను.
ఈదిలో కుక్క లేసింది.
మహేంద్రగిరి దేవుడికి కొబ్బరికాయ మొక్కేను,
అది సాలదేమోనని మరోటి.

లోకనాథం నవ్వేడు.
"ఇది అరగంట కిందటిది మామ్మా.
ముక్కల గుట్టు బయటపడకండా
ఆలిసెంగా సూపిస్తారు.
అక్కడ ఈపాటికి అయిపోనాది."

అయిపోనాదా?
మరి నా కొబ్బరికాయలో?

ఎర్రగెడ్డపోడు ఆలోసిస్తన్నాడు.
ఆ ఆలోసన కూడా పాతదేనంట.

"గెలిస్తే ఎంతరా?"
"తొమ్మిది కోట్లు."
"ఓడితే?"
"ముగ్గురే మిగిలేరు కదా. ఓడినా నాలుగు."
ఓడినోడికి డబ్బులిచ్చే ఆట
మా టేసన్లో ఎవులూ ఆడలేదు.
ముసలోడు ఓపాలి నలబై రూపాయలు ఓడి
మూడ్రోజులు ఇంటికి రాలేదు,
పట్టాల పక్కన పడుకున్నాడు.
నానే ఎల్లి అన్నం ఎట్టొచ్చేను,
మాటాడకండా.

ఆకర్ది సూడ్లేదు నాను.
గేదికి కుడితి కలపాలని లేసి
డబ్బాలో సెయ్యెట్టేను.
ఎనకనుంచి లోకనాథం గట్టిగా ఏదో అన్నాడు.

సెప్పకురా.
అరగంటాగి సెప్పు.
ఈలోగా ఆడికో ముక్క రాసి పంపు:
కోట్లు ఆడియే.
తాబేలు మాత్రం నాది.
కాలిరిగిన పక్క
జాగర్తగా పట్టుకోమను.